వాసన చూడకూడని పూలు

ఆ రోజుల్లో, అంటే బర్మింగ్‌హామ్‌లో ఒక ఫైనాన్స్ ఆఫీసులో కొత్తగా చేరి, డబుల్ డెక్కర్ బస్సులో పై అంతస్తు ముందు సీటు దొరికితే చాలు జీవితంలో పైకొచ్చేశాననుకునే రోజుల్లో, నాకు నా ముక్కు మీద అపారమైన నమ్మకం ఉండేది. ఒక్కొక్కరికి ఒక్కో అవయవం చూసుకుని గర్వం. కొందరికి బుర్ర, కొందరికి జుట్టు. ఆ రెండింటిలోనూ నాకు చెప్పుకోదగ్గదేమీ లేదు కాబట్టి నేను ముక్కుని పట్టుకున్నాను. పాలు విరగబోతున్నాయని ముందురోజే చెప్పేసేదాన్ని. మా ఆయన మధ్యాహ్నం ఏం తిని వచ్చాడో గుమ్మంలోనే పసిగట్టేదాన్ని (దానివల్ల కాపురానికి ఒరిగిందేమీ లేదు, టేక్‌అవే తిన్న రోజున పుదీనా బిళ్ల చప్పరిస్తూ రావడం ఆయన నేర్చుకున్నాడు, అంతే). ఆ ముక్కే నన్ను ఒక వసంతకాలమంతా ఇద్దరు పెద్దవాళ్ల మధ్య, ఒక పొదల వరస కింద, మోకాళ్ల మీద కూర్చోబెట్టింది.

మేం అద్దెకున్నది గోడ కలిసిన జంట ఇళ్లలో ఒకటి. రెండో దాంట్లో డెబ్బై దాటిన ఇంగ్లీషు పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ఆవిడకి మేం పెట్టుకున్న పేరు గ్లౌజుల ఆంటీ. తోటపని గ్లౌజులు లేకుండా ఆవిడని చూసినవాళ్లు ఆ వీధిలో లేరు. పార్సిల్ వస్తే సంతకం కూడా వాటితోనే పెట్టేది. నన్ను ‘బాబ్’ అని పిలిచేది. ఆ ఊళ్లో పాతకాలంవాళ్లు ఆడపిల్లల్ని ముద్దుగా అలాగే పిలుస్తారని తెలిసేలోగా, నా పొట్టి జుట్టు చూసి మగపిల్లాడినని పొరబడుతోందేమోనని జడ పెంచడం మొదలుపెట్టేశాను.

ఆవిడ తోటకీ మా తోటకీ మధ్య కంచె లేదు, ఒక పాత పొదల వరస ఉండేది. దాని నీడలో, ఎండుటాకుల మధ్య, లేత తమలపాకుల్లాంటి ఆకులతో నేలని కరుచుకుని కొన్ని మొక్కలు పాకుతుండేవి. మొదటి చలికాలం అవి కలుపు మొక్కలనుకున్నాను. ఫిబ్రవరి ఆఖర్లో ఒక ఆదివారం చెత్తడబ్బా లాక్కెళుతుంటే ఎక్కణ్ణుంచో తియ్యటి పరిమళం ఒకటి తగిలి, కాళ్లు ఆగిపోయాయి. చుట్టూ చూస్తే పువ్వన్నది లేదు. “కింద చూడు బాబ్, వంగితే కానీ కనపడవు” అంది అవతల్నుంచి ఆంటీ. ఆకులు పక్కకి తప్పిస్తే, మెడలు వంచుకుని, కొత్తకోడళ్లలా, చిన్న చిన్న ఊదారంగు పూలు. అడవి వయొలెట్లట. ఆవిడ చిన్నప్పుడు వాళ్లమ్మ పుట్టింటి పెరటి నుంచి ఒక దుబ్బు తడిగుడ్డలో చుట్టి తెచ్చి ఇక్కడ నాటిందట. అమ్మ పోయింది, ఇంట్లో సామాను మారింది, గోడల రంగులు మారాయి. ఈ వాసన మాత్రం ప్రతి ఏడూ అదే.

ఆ క్షణం నుంచి నేను వాటికి స్వచ్ఛంద సేవకురాలినయ్యాను. గోదావరి జిల్లా పిల్లని. మొక్కంటే రోజూ నీళ్లు పోయాలి, బియ్యం కడిగిన నీళ్లయితే మరీ మంచిది, ఎండ తగలాలి, వాడిన టీపొడి వెయ్యాలి. మా వైపుకి పాకి వచ్చిన ఒక దుబ్బుని తవ్వి కుండీలో పెట్టి, వంటింటి కిటికీలో దక్షిణపు ఎండకి కూర్చోబెట్టి, పై మర్యాదలన్నీ చేశాను. అది ఒక వారం మొహమాటానికి ఓర్చుకుని, తర్వాత పసుపుపచ్చగా తిరిగి, తలవాల్చేసింది. ఆంటీ వచ్చి చూసి, దాన్ని మళ్లీ పొద నీడలో నాటి, చుట్టూ చివికిన ఆకులు కప్పి, “వేసవిలో మరీ ఎండిపోతే నీళ్లు పొయ్యి. తీగలు మరీ పాకితే కొన్ని తుంచు. నత్తల్ని ఏరెయ్యి. మిగతా అంతా, బాబ్, దాని మానాన దాన్ని వదిలెయ్యడమే” అంది. నా జీవితంలో ఎవరూ నాకు అంత కష్టమైన పని అప్పగించలేదు.

రెండేళ్లు అలా గడిచాయి. మూడో చలికాలం ఆంటీకి పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ఆవిడ వాసన శక్తిని కూడా పట్టుకుపోయింది. క్లినిక్‌లో డాక్టరు అది తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారట. కాఫీ వేడినీళ్లలా ఉందని నవ్వేసేది కానీ, ఆ చలికాలం చివర్లోనే ఆవిడ ఇల్లు అమ్మేసింది. నడుం సహకరించడం లేదు, లండన్ పక్క క్రోయిడన్‌లో ఉన్న కూతురు తనకి దగ్గర్లోనే పెద్దవాళ్ల కోసం కట్టిన ఫ్లాట్లలో ఒకటి చూసింది. ఏప్రిల్ నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. తోట లేదు. కిటికీ బయట గట్టు మీద రెండు కుండీలు పట్టే చోటు మాత్రం ఉంది.

ఆ రెండు కుండీల దగ్గరే వచ్చింది చిక్కంతా. వాళ్లమ్మ నాటిన వయొలెట్లలోకి ఏళ్ల తరబడి వెనక సందులోంచి ఇంకో రకం వయొలెట్లు వచ్చి కలిసిపోయాయి. వాటిని కుక్క వయొలెట్లంటారట. రంగు, ఆకు, వయ్యారం దాదాపు అంతా ఒకటే కానీ వాసన ఉండదు. ఆకుల నూగూ, పువ్వు వెనకాల రేకూ చూసి తేడా చెప్పొచ్చట గానీ, అచ్చం మంచివాటిలా ఉండి వాసన రానివీ కొన్ని ఉంటాయట. “పోయినేడు దాకా నాకు ఈ బాధ లేదు. వంగితే తెలిసిపోయేది” అంది ఆంటీ, గ్లౌజులు తీసి ఒళ్లో పెట్టుకుని. ఆవిడ చేతులు మొదటిసారి చూశాను. “ఇప్పుడు పొరపాటున వాసన లేనివి పట్టుకెళ్లినా నాకు తెలీదు. అమ్మ మొక్కలే అనుకుని అవే చూసుకుంటూ కూర్చుంటాను. అదే నా భయం, బాబ్.”

నా ముక్కు ఉండగా మీకు భయమెందుకని అన్నాను. ఏ దుబ్బుకి వాసన ఉందో చూసి, దాని పక్కన గుర్తుగా టేక్‌అవేతో వచ్చిన తెల్ల ప్లాస్టిక్ స్పూను గుచ్చుతానని, పూలు అయిపోయాక ఆ స్పూన్ల దగ్గరున్న మొక్కలే తవ్వి కుండీల్లో పెడదామని మాటిచ్చాను. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఛాతీ విరుచుకుని ఇంట్లోకొచ్చాను.

మర్నాడు ఆఫీసు నుంచి రాగానే కోటు కూడా విప్పకుండా మోకాళ్ల మీద కూలబడ్డాను. మొదటి దుబ్బు: ఆహా. స్పూను. రెండో దుబ్బు: ఏమీ లేదు. మూడు, నాలుగు: ఏమీ లేదు. అనుమానమొచ్చి మొదటిదాని దగ్గరికి తిరిగొచ్చాను. దానికీ లేదు. స్పూను పీకేశాను. లేచి తిరిగి, మళ్లీ వంగితే నాలుగోదానికి గుప్పున కొట్టింది. స్పూను గుచ్చి, ఖాయం చేసుకుందామని ఇంకోసారి పీలిస్తే మట్టివాసన తప్ప మరేం లేదు. (వయొలెట్ వాసన గుణమే అంతట, ముక్కుని కాసేపు మొద్దుబారుస్తుందట. ఇది నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి మాత్రం నా జీవితంలోని ఏకైక ప్రతిభ కూలిపోతున్నట్టు అనిపించింది.) వారం తిరిగేసరికి స్పూన్లు అటూ ఇటూ ఎన్ని ఊళ్లు తిరిగాయంటే, మా ఆయన కిటికీలోంచి చూసి, “ఐస్‌క్రీం పార్టీ ఎవరికి?” అని అడిగాడు.

సరిగ్గా అప్పుడే మా అత్తయ్యగారు కాకినాడ నుంచి దిగారు. ఆరు నెలల వీసా, రెండు సూట్‌కేసులు, ఒకదాని నిండా దేవుళ్లు. అత్తయ్యగారి పూజ అంటే ఆషామాషీ కాదు. సూపర్‌మార్కెట్ పూలు తెచ్చిస్తే తాకి చూసి, “ఇవి పూలటే? ప్లాస్టిక్‌వి తడిపి అమ్ముతున్నట్టున్నారు” అని తేల్చేశారు. మూడోరోజు పొద్దున్నే స్నానం చేసి తోటలోకి వెళ్లి, పొద కింద ఊదారంగు చూశారు. ఆంటీ కిటికీలోంచి చూసి, ఎన్ని కోస్తే అన్ని పూస్తాయి, కోసుకోమని చేత్తో సైగ చేసింది. ఇక రోజూ తెల్లారేసరికి వెండిగిన్నె నిండా వయొలెట్లు, మా బాలాజీ మెడదాకా వయొలెట్లు. సాయంత్రం నేను వచ్చేసరికి పొద కింద పువ్వన్నది మిగిలేది కాదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. మన ఇళ్లలో దేవుడికి పెట్టే పువ్వుని ముందుగా ఎవరూ వాసన చూడకూడదు. చూస్తే అది ఎంగిలిపడ్డట్టే లెక్క. మా అత్తయ్యగారు పూలు కోసేటప్పుడు గాలి కూడా పక్కకి తిరిగి పీల్చుకునేంత నిష్ఠ గల మనిషి. పొరపాటున వాసన తనంతట తానే వచ్చి ముక్కులో దూరుతుందేమోనని కొంగు అడ్డం పెట్టుకునేవారు. అంటే ఒకే మడిలో ఉన్న ఒకే పూలని ఒకరు ప్రతి ఒక్కటీ వాసన చూసి చెప్పమంటున్నారు, ఇంకొకరు ఒక్కటీ చూడకూడదంటున్నారు. ఇద్దరికీ నేనే సరేనన్నాను. అత్తగారితో ఒకే ఇంట్లో ఉండడం మొదటిసారి. లేదు, కాదు అనే మాటలు నాకింకా అలవాటు కాలేదు.

అందుకని అత్తయ్యగారు స్నానానికి వెళ్లిన వేళ చూసుకుని, నైట్‌డ్రెస్ మీద కోటు తొడుక్కుని, పొద కిందకి దూరడం మొదలుపెట్టాను. ఆ చలిలో పూలు వాసనే విడవవు. నాకు మాత్రం ముక్కు కారేది. అలా ఒకరోజు బోర్లా పడుకున్నంత పనిచేసి, ఒక పువ్వు దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీలుస్తుంటే, కళ్ల ముందు రెండు పసుపు రాసిన పాదాలు, వాటికి మా ఆయన చెప్పులు కనిపించాయి. తల ఎత్తితే పైన వెండిగిన్నె.

“ఏం చేస్తున్నావే?”

“వాసన చూస్తున్నానండీ.”

“రోజూనా?”

అబద్ధం చెప్పడానికి ఆ భంగిమ అనువుగా లేదు. “రోజూనండీ” అన్నాను.

అత్తయ్యగారు అరవలేదు. అరిస్తే బావుణ్ణనిపించింది. గిన్నె బోర్లించి లోపలికెళ్లిపోయారు. ఆ రోజు దేవుళ్లకి పంచదారతో సరిపెట్టారు. ఆ రోజంతా నాతో గోడకి చెప్పినట్టు మాట్లాడారు. “చారులో ఉప్పు చాలకపోతే వేసుకుంటారు కాబోలు” అని గోడతో అన్నారు. సాయంత్రానికి మా ఆయన మధ్యవర్తిత్వం మొదలుపెట్టి, మూడో మాటకే “నువ్వూరుకోరా” అనిపించుకుని, టీవీ సౌండు పెంచుకున్నాడు.

రాత్రి భోజనాలయ్యాక నేనే వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని చెప్పాను. ఆంటీ వాళ్లమ్మ, తడిగుడ్డలో దుబ్బు, జ్వరం, అమ్ముడైన ఇల్లు, రెండు కుండీలు, నా మొద్దుబారిన ముక్కు, అన్నీ. అత్తయ్యగారు బట్టలు మడతపెడుతూనే విన్నారు. మధ్యలో ఒక్కటే ప్రశ్న అడిగారు. “అయితే ఆవిడకిక వాళ్లమ్మ వాసన తెలీదన్నమాటేగా?” తెలీదన్నాను. చేతిలోని చీర ఒళ్లో పెట్టుకున్నారు. “మా అమ్మ పోయాక ఆవిడ చీర ఒకటి ఉతక్కుండా దాచుకున్నాను. మీ మావగారు మంచివారే, పాపం, తెలీక చాకలికి వేసేశారు” అన్నారు. నాతో ఆవిడ అలాంటి మాట చెప్పడం అదే మొదలు. నేను ఆవిడ ఒళ్లోని చీర రెండో కొస పట్టుకుని మడతపెట్టడానికి సాయం చేశాను.

మర్నాడు శనివారం. పొద్దున్నే గిన్నె పట్టుకుని బయల్దేరతారనుకుంటే, ఆవిడ కదల్లేదు. “పొద్దెక్కనీ. చలికి ముడుచుకున్న పువ్వుని ఎంత పీలిస్తే మాత్రం ఏం లాభం? సన్నజాజి ఇంతే” అన్నారు. పదకొండింటికి ఎండ వచ్చింది. స్వెట్టరు మీద శాలువా కప్పుకుని, స్నానాల గది చాప పట్టుకుని, అత్తయ్యగారు పొద దగ్గరికి నడిచారు. ఆంటీ ఎదురుగా కుర్చీ వేసుకుని, కాళ్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి ఇంగ్లీషు రాదు. నేను మధ్యలో తర్జుమాకి సిద్ధంగా నిలబడ్డాను గానీ, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

అత్తయ్యగారి పద్ధతి ఇలా ఉంది. ఒక దుబ్బులో ఒకే ఒక్క పువ్వు వంచి ఒకసారి పీలుస్తారు. వెంటనే లేచి, గోడదాకా నడిచి, ఆకాశం చూసి, ఆంటీతో “మీ అమ్మాయికెందరు పిల్లలండీ?” లాంటిదేదో తెలుగులో అడిగి, ఆవిడ ఇంగ్లీషులో వాతావరణం గురించి చెప్పే జవాబు శ్రద్ధగా విని, అప్పుడు రెండో దుబ్బు దగ్గరికొస్తారు. (పెళ్లిళ్ల సీజన్లో జాజుల బుట్ట ముందు గంటల తరబడి కూర్చుంటే వాసన తెలియడం మానేస్తుందట, మధ్య మధ్య పెరట్లోకి వెళ్లి రావాలట. నా ముక్కులో లోపం లేదని అలా తెలిసి, నాకు ప్రాణం లేచొచ్చింది.) ఉంటే తల ఊపేవారు, నేను స్పూను గుచ్చేదాన్ని. లేకపోతే పెదవి విరిచేవారు. వాటిని కుక్క వయొలెట్లంటారని నేను నోరు జారితే, “ఇన్నాళ్లూ బాలాజీకి కుక్క పూలు పెట్టించారా నాచేత?” అని శాలువా జారిపోయేలా రెండు వైపులా లెంపలేసుకున్నారు. మధ్యాహ్నానికి పని పూర్తయింది. ఆదివారం ఇంకోసారి మొదటినుంచీ చూసి, రెండు స్పూన్లు పీకించి, మూడు కొత్తవి పెట్టించారు. ఈసారి అవి కదల్లేదు.

“మరి దేవుడికో?” అన్నాను, భయం భయంగా.

“ఏం దేవుడికి? దుబ్బుకి ఒక్క పువ్వే చూశాను. తక్కిన పూల జోలికి నేను పోలేదు కదా” అన్నారు, లెక్క తేలిపోయినట్టు. అప్పటికీ సందేహం తీరక, ఆ సాయంత్రం దేవుడి ముందు కూర్చుని, “ముసలావిడ పని నాయనా, చూసీ చూడనట్టు పో” అని గట్టిగానే చెప్పుకోవడం నేను వంటింట్లోంచి విన్నాను.

ఏప్రిల్ చివర్లో, పూలు తగ్గాక, స్పూన్ల దగ్గరి మొక్కల్ని వేళ్లకి మట్టి వదలకుండా తవ్వి, చివికిన ఆకుల ఎరువుతో రెండు కుండీల్లో సర్దాం. ఆంటీ వెళ్లేరోజున కూతురి కారు ముందు సీట్లో ఆవిడ, ఆవిడ ఒళ్లో ఒక కుండీ, కాళ్ల దగ్గర ఒకటి. అత్తయ్యగారు కిటికీలోంచి బొట్టుపెట్టారు. ఆంటీ తన గ్లౌజులు తీసి అత్తయ్యగారి చేతుల్లో పెట్టింది. ఆవిడ వాటిని కాకినాడ పట్టుకెళ్లి, వేడిగిన్నెలు దింపడానికి వాడుతున్నారు, ఇప్పటికీ.

మరుసటి వసంతం దాకా మాకెవరికీ తెలియదు, ఆంటీ పట్టుకెళ్లిన మొక్కలు సరైనవో కావో. ఆంటీకి తెలిసే వీలే లేదు. కూతురు పాపం రోజంతా అద్దకాల స్టూడియోలో రంగుల ఘాటులో పనిచేసి వచ్చే మనిషి, వాసన వస్తున్నట్టే ఉందమ్మా అంటుందట. ఆ ‘వస్తున్నట్టే’ ఆంటీకి నచ్చలేదు. మార్చిలో ఫోన్ చేసి, పూశాయి, వచ్చి చూసి నిజం చెప్పు బాబ్, ఎలా ఉన్నా ఫరవాలేదు అంది. శనివారానికి రైలు టికెట్లు కొన్నాం. శుక్రవారం రాత్రి నాకు జలుబు చేసింది. మామూలు జలుబు కాదు. లండన్ చేరేసరికి నా ముక్కు పేరుకి మాత్రమే మొహం మీద ఉంది.

క్రోయిడన్‌లో ట్రామ్ దిగి ఆ ఫ్లాట్‌కి వెళ్లాం. కిటికీ తెరిచి ఉంది. గట్టు మీద రెండు కుండీల నిండా ఊదారంగు. నేను వంగాను, పీల్చాను. గోడని పీల్చినట్టుంది. ఆంటీ కుర్చీలో ముందుకి వంగి నా మొహమే చూస్తోంది. అటు అత్తయ్యగారు కాకినాడ నుంచి వీడియో కాల్‌లో, నుదురు ఒక్కటే కనపడేలా ఫోన్ పట్టుకుని, “వచ్చిందా? మాట్లాడవేమే?” అంటున్నారు. మా ఆయన్ని చూడమన్నాను. ఆయన పీల్చి, “పూల వాసనలానే ఉంది, ఆకు వాసన కూడా అయ్యుండొచ్చు” అన్నాడు. ఆయనకి అగరొత్తికీ ఆమ్లెట్‌కీ పెద్ద తేడా తెలియదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఒక్క మాట ‘ఉంది’ అనేస్తే పోతుంది. కానీ నిజం చెప్పమని అడిగిన మనిషి ముందు ఆ మాట నోరు దాటలేదు. “నాకు జలుబు, ఆంటీ. ఏమీ తెలియడం లేదు” అన్నాను. ఆవిడ నా చెయ్యి తట్టి, టీ పెడతానని లేచింది.

అప్పుడు తెరిచి ఉన్న వీధి తలుపు దగ్గర ఎవరో ఆగారు. వాకర్ పట్టుకుని నడిచే ఎదుటి ఫ్లాట్ పెద్దాయన. చెత్త పడేసి వస్తున్నట్టున్నాడు. లోపలికి తొంగిచూస్తూ, “క్షమించాలి, ఇక్కడ వయొలెట్లున్నాయా? లిఫ్ట్ దగ్గర్నుంచీ వస్తోంది వాసన” అన్నాడు.

ఆంటీ కెటిల్ పట్టుకునే తలుపు దగ్గరికొచ్చింది. “ఎలా ఉందో కొంచెం చెప్తారా?” అని అడిగింది. ఆయన ఇబ్బంది పడ్డాడు. అలాంటి ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు. వాకర్ మీద బరువు మోపి, కళ్లు మూసుకుని, “తియ్యగా... మొహానికి రాసుకునే పౌడర్‌లా. కొంచెం తడిమట్టి కూడా. పోయింది. లేదు, మళ్లీ వచ్చింది” అన్నాడు. ఆంటీ కూడా కళ్లు మూసుకుంది. “అవును, అదే” అంది. “అదే. అలాగే పోయి వస్తుండేది.”

ఫోన్లోంచి అత్తయ్యగారు, “ఏవంటున్నాడే ఆయన? ఎవరైనా నాకు చెప్పండర్రా” అంటున్నారు. నేను రుమాలు వెతుక్కుంటున్నాను. మా ఆయనే ఫోన్ తీసుకుని, “వచ్చిందమ్మా వాసన, పక్కింటాయన చెప్పాడు” అన్నాడు. అత్తయ్యగారు, “ఆయన్ని ఇంటికి రమ్మని టీ ఇమ్మనరా ఆవిణ్ని” అని మాత్రం అన్నారు.

ఆ పెద్దాయన ఆ రోజు టీ తాగాడు. ప్రతి వసంతంలోనూ, పూలున్నన్నాళ్లు, రోజూ పొద్దున్నే వచ్చి వాసన ఎలా ఉందో ఆవిడకి చెప్పి వెళ్తాడట. కొత్త కొత్త మాటలు వెతుక్కుంటున్నాడట. ఇన్నేళ్ల తర్వాత ఆ అమ్మాయి గుర్తొస్తే, తన ముక్కుతో ఒక పెద్దావిడకి వాళ్లమ్మని తిరిగి తెచ్చిస్తానని బయల్దేరి, తీరా ఆ వేళకి చేతిరుమాలు తడుపుకుంటూ నిలబడిన ఆ గర్విష్ఠి పిల్ల గుర్తొస్తే, నవ్వొస్తుంది. పని చేసింది మా అత్తయ్యగారు, చెప్పింది ఎవరో పెద్దాయన. నేను చూశాను. నన్ను అక్కడ ఉండనిచ్చినందుకు వాళ్లందరికీ ఈ జన్మకి ఋణపడి ఉన్నాను.